నవ్వులయ్య ముందు రొట్టె

"ప్రాణం పోయి ఎంతసేపయింది సార్?"

సైకిలుకు స్టాండు కూడా వెయ్యకుండా డిటెక్టివ్ జయకుమార్ అడిగిన మొదటి ప్రశ్న ఇది. "మన మనిషి పోయినాడు, వెంటనే రా" అని కబురు వస్తే ఎవరైనా అదే అడుగుతారు.

"ప్రాణం ఎప్పుడో పోయింది నాయనా," అన్నారు హెడ్మాస్టరు పద్మనాభయ్యగారు కండువాతో నుదురు తుడుచుకుంటూ. "నువ్వు పుట్టకముందే పోయుంటుంది. ఇప్పుడు పోయింది ఎముకలు."

"ఎవరివి?"

"నవ్వులయ్యవి."

జయకుమార్ తెరిచిన నోరు మూశాడు. తరవాత ఆపుకోలేక నవ్వేశాడు.

నావలపాళెం హైస్కూల్లో చదివిన ఏ మనిషికీ నవ్వులయ్య ఎవరో చెప్పనక్కరలేదు. తెల్లదొరల కాలంలో కలకత్తా నుంచి రైల్లో దిగిన నిజమైన అస్థిపంజరం. పళ్ళన్నీ బయటపెట్టుకుని సైన్సు గదిలో కొక్కేనికి వేలాడుతూ ఉంటాడు గనక ఏ కాలపు పిల్లలో ఆ పేరు పెట్టారు. పరీక్షనాడు పొద్దున్నే వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని ఊపి రావడం ఆ బడిలో ఆనవాయితీ. జయకుమార్ కూడా అక్కడ చదివి, ఆ చెయ్యి ఊపినవాడే. ఊపని ఏడాది లెక్కల్లో తప్పాడు. ఆ సంగతి తన కక్షిదారులెవరికీ చెప్పడు.

"నవ్వుతావేందయ్యా!" అన్నారు హెడ్మాస్టరుగారు. "ఇయాళ మధ్యాన్నానికి డి.ఇ.ఓ. గారు వస్తా ఉండారు. నవ్వులయ్యను జీపులో వేసుకుని నెల్లూరు పెద్ద స్కూలుకు తీసకపోవడానికి. మన సైన్సు మాస్టారు బదిలీ అయి ఏడాది దాటింది. కొత్తాయన్ని వెయ్యలేదు. 'ఎవరూ వాడని వస్తువు మీకెందుకు' అంటుండారు. వస్తువు పోతే దాని ఎనకాలే సైన్సు గ్రూపు పోతుంది. మొగపిల్లలంటే సైకిలేసుకుని నెల్లూరు పోతారు. ఆడపిల్లల్ని ఎవరు పంపిస్తారు? చెంచులక్ష్మి అని ఒక పిల్ల ఉండాది. డాక్టరు కావాలంటది. వాళ్ళ నాయన ఈ బడి గేటు దాటి ఆ పిల్లను ఒక్క అడుగు ఎయ్యనీడు."

"అయితే నవ్వులయ్య దొరికినా చిక్కే, దొరక్కపోయినా చిక్కే."

"దొరక్కపోతే ఇంకా పెద్ద చిక్కు. తాళంచెవి ఉండేది అటెండరు హజరత్తయ్య దగ్గర. ఆయన్ని స్టేషనుకు తీసకపోతానని హెడ్ కానిస్టేబుల్ మునెయ్య లోపల కూచోనుండాడు. ఇన్నేళ్ళు గంట కొట్టిన మనిషి జయకుమారూ. నిన్నూ గంట కొట్టి లోపలికి పంపినోడే."

జయకుమార్ నవ్వు మాని మైదానం వైపు చూశాడు. బడి గంట మోగలేదు. పిల్లలంతా ఎండలో బారులు తీరి కూచున్నారు. హజరత్తయ్యను వదిలేసి ఆయన చేత గంట కొట్టిస్తే తప్ప గదుల్లో అడుగుపెట్టమని భీష్మించారట. సమ్మె అంటే కాస్త మొహాలు ముడుచుకోవాలి గదా, వీళ్ళు పద్యాల పోటీ పెట్టుకుని, తప్పినవాణ్ణి వెక్కిరించి, గుంపులు గుంపులుగా నవ్వుకుంటున్నారు. అంత హుషారు చూసి జయకుమార్‌కు ముచ్చట వేసింది. ఆ వెంటనే అనుమానమూ వేసింది.

*

"సి.ఐ.డి. గారు వచ్చేసినారా! ఇంకేముంది, ఎముకలు వాటంతట అవే నడిచొస్తాయి," అన్నాడు మునెయ్య, హెడ్మాస్టరుగారి కుర్చీలోంచి లేవకుండానే.

ఆయన మీసం పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. నావలపాళెం ఔట్‌పోస్టుకు ఆయనే సర్వాధికారి. నెల్లూరు నుంచి సైకిలు మీద వచ్చి తన కేసుల్లో తలదూర్చే ఈ ప్రైవేటు డిటెక్టివంటే ఆయనకు ఒళ్ళు మంట. పోయిన ఏడు పడవ దొంగను జయకుమార్ ముందు పట్టుకున్నప్పటి నుంచి ఆ మంట ఆరలేదు.

"నడిచి రావు హెడ్డుగారూ. మీరు పంచనామా పూర్తిచేస్తే భయపడి వస్తాయేమో," అన్నాడు జయకుమార్ బల్ల మీద కూచుంటూ. "ఆనవాళ్ళు రాసుకున్నారా?"

"రాసుకోకుండా ఉంటానా? ఎత్తు అయిదడుగుల పైన. కింది దవడకు రాగితీగ. కుడి జత్రుక మీద సన్నటి నెర్రె."

"కుడి ఏంది?" అన్నారు హెడ్మాస్టరుగారు. ఆయన తెలుగు పండితుడు గానీ సైన్సు ఆయన దారి కాదు.

"అదే సార్... మెడ కింద, భుజానికి పోయే ఎముక." మునెయ్య గబగబా పంచనామా మడిచేశాడు. "దొంగ ఎవురో తెలిసినాక ఎముకల పేర్లెందుకు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ నేను పట్టినాను. తాళం పగల్లేదు. కిటికీ ఊచలు వంగలేదు. చెవి హజరత్తయ్య మొలతాడుకే ఉండాది. మంత్రగాళ్ళకు ఎముకలు కావాల. వాళ్ళకు ఇచ్చేసినాడు. అంతే."

"ఊళ్ళో వెతికినారా?"

"బడి చుట్టూ ఉండే ప్రతి ఇల్లూ చూసినాను. ఒక్క ఇంటికి మాత్రం పోలేదు. ఆడ అమ్మవారు పోసినట్టుండాది. వాకిలికి వేపమండలు కట్టినారు. అట్టాంటి ఇంట్లోకి చెప్పులతో పోతామా?"

"పోకూడదు," అని ఒప్పుకున్నాడు జయకుమార్. "గది చూపించండి."

*

సైన్సు గదిలో గాజు సీసాలు, బీకర్లు, చుట్టిపెట్టిన పటాలు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. నవ్వులయ్య కొక్కెం మాత్రం ఖాళీగా మెరుస్తోంది. దాని కింద ఒక స్టూలు. స్టూలు మీద బాదం ఆకు. ఆకులో ఒక రొట్టె.

జయకుమార్ వంగి చూశాడు. చీమలు అప్పుడే ఒక దారి వేసుకున్నాయి. రొట్టె గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉంది.

"ఎలకలు తెచ్చినట్టుండాయి. బయట పారేస్తాను," అంటూ మునెయ్య చెయ్యి చాచాడు.

"ఆగండి. ఈ ఎలుక చాలా మర్యాదస్తురాలు హెడ్డుగారూ. రొట్టెను ఆకులో చుట్టింది, స్టూలు మీద పెట్టింది, ఒక్క పంటిగాటు పడనివ్వలేదు."

"రొట్టెకూ కేసుకూ ఏం సంబంధం?"

"బీడీ ముక్క కనబడితే జాగ్రత్తగా కాగితంలో పెట్టి జేబులో వేసుకునే మీరు, రొట్టెను పారేస్తానంటున్నారు. అందుకని అడుగుతున్నాను."

మునెయ్య చాచిన చెయ్యి మీసం మీద వేసుకున్నాడు.

రొట్టె సంగతి జయకుమార్‌కు ఎవరూ చెప్పక్కరలేదు. ముప్పూటలా వరి అన్నం తినే ఈ తీరంలో గోధుమ రొట్టె కనబడేది ఏడాదికొక్కసారి. మొహర్రానికి నెల్లూరు దర్గా చెరువులో జనం మోకాటి లోతు నీళ్ళలో నిలబడతారు. కోరిక ఉన్నవాడు రొట్టె అడుగుతాడు. ఆ కోరికే నిరుడు తీరినవాడు రొట్టె ఇస్తాడు. పెళ్ళికొక రొట్టె, బిడ్డలకొక రొట్టె, చదువుకొక రొట్టె. హిందువా, సాయిబా, కిరస్తానీవాడా అని అక్కడ అడిగే నాథుడుండడు. జయకుమార్ వాళ్ళమ్మ ఆదివారం చర్చి మానదు, మొహర్రానికి రొట్టె మానదు. పుచ్చుకున్నవాడు దాన్ని కళ్ళకద్దుకుని నీళ్ళల్లోనే తింటాడు. పారేసినవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"ఇది పుచ్చుకున్న రొట్టె కాదు," అన్నాడు జయకుమార్. "పుచ్చుకుంటే తిని ఉండేవాడు. ఇది ఎవరికో ఇవ్వాలని తెచ్చిన రొట్టె. అంటే తెచ్చినవాడి కోరిక తీరింది. బళ్ళో పెట్టాడు గనక అది చదువు కోరిక. పండుగ నిన్న, బడికి సెలవు. కాబట్టి మొన్న సాయంత్రం వేసిన తాళాన్ని నిన్న ఎవరో తీశారు, చెవితోనే తీశారు. హెడ్డుగారూ, నిన్న మీరెక్కడున్నారు?"

"నన్నే అడుగుతుండావా! దర్గా కాడ బందోబస్తు. చెరువు గట్టు మీద. సాయంత్రం బస్సుకు వచ్చినాను."

"ఊరికే అడిగాను లెండి."

*

హజరత్తయ్య వరండాలో గంట కిందనే గొంతుక్కూచుని ఉన్నాడు. పిల్లలు పుట్టి పోతుంటే దర్గాకు మొక్కుకుని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టిందట. ఆయనకు మాత్రం పిల్లల్లేరు. అడిగితే మైదానం వైపు చెయ్యి చూపించి, ఇంతమంది చాలరా అంటాడు.

"అన్నా, రొట్టె నీదా?"

"నాది కాదు బాబూ."

"తాళం తీసింది నువ్వా?"

"మొన్న సాయంత్రం నేనే వేసినాను. ఇయాళ పొద్దున నేనే తీసినాను. మజ్జెలో ఎవురికీ ఇయ్యలేదు."

"మరి రొట్టె తాళం సందులోంచి దూరిందా?"

హజరత్తయ్య నేల చూశాడు.

"అన్నా, నీకు అబద్ధం చేతకాదు. నేను పరీక్షకు ఆలస్యంగా వస్తే అయిదు నిమిషాలు ఆగి గంట కొట్టి, ఎందుకాలస్యమని హెడ్మాస్టరు అడిగితే చెమటలు కక్కినావు. గుర్తుందా? ఎవరికో మాటిచ్చినావు నువ్వు."

"మాటిచ్చినాక తెరిస్తే అది నోరా బాబూ?" అన్నాడు ముసలాయన మెల్లగా. "స్టేషనుకు రమ్మంటే వస్తాను. పిల్లోళ్ళను లోపలికి పొమ్మని చెప్పు. ఎండ తగుల్తా ఉండాది."

జయకుమార్ ఆయన భుజం మీద ఒకసారి చెయ్యి వేసి మైదానంలోకి నడిచాడు.

*

సమ్మెకు నాయకురాలెవరని అడగాల్సిన పని లేకపోయింది. పద్యంలో తప్పుపట్టి పదోతరగతివాణ్ణి కూచోబెడుతున్న పిల్లే నాయకురాలు. రెండు జడలు, చేతిలో అట్ట చిరిగిన సైన్సు పుస్తకం.

"నువ్వేనా చెంచులక్ష్మివి?"

"నేనే సార్. మీరు సి.ఐ.డి. గారు గదా?"

"ఆ మాట అనకు, నాకు కోపం. నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"రెబెక్కమ్మవ్వ ఇంటికాడ. అవ్వ చిల్లకూరు పోయింది, కూతురు పురిటికి. కోళ్ళకు మేత వేసి తలుపేసి రమ్మని నాకు తాళం ఇచ్చి పోయింది."

"ఏ ఇల్లు?"

పిల్ల జవాబివ్వడానికి ఒక్క క్షణం తడబడింది. "అదో... గోడ పక్కది."

జయకుమార్ మునికాళ్ళ మీద నిలబడి బడి ప్రహరీ మీదుగా చూశాడు. పెంకుటిల్లు. మూసిన తలుపు. తలుపు నిండా పచ్చగా, తాజాగా వేపమండలు, గడపకు పసుపు కూడాను.

అతను నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు చూసి చెంచులక్ష్మి వెనక కూచున్న పిల్లలు పద్యాలు ఆపేశారు.

"హెడ్డుగారూ, మీరు వెళ్ళని ఇల్లు అదేనా?"

వెనకాలే వచ్చిన మునెయ్య తల ఊపాడు. "చెప్పినాను గదా. అమ్మవారి ఇల్లు."

"రెబెక్కమ్మగారు మా సండే స్కూలు టీచరు. దిష్టికి గుమ్మడికాయ కట్టిన అంగట్లో ఉప్పు కూడా కొనదు. పండక్కి మామిడాకులు కట్టిన పాపానికి సొంత తమ్ముడితో ఆర్నెల్లు మాట్లాడలేదు. ఆవిడ గడపకు వేపమండలా? ఆవిడకు మశూచికం వచ్చినా సరే, వాకిట్లో వేపాకు కనబడితే లేచొచ్చి పీకేస్తుంది." జయకుమార్ పిల్లల వైపు తిరిగాడు. "ఎవరింట్లోనైనా అమ్మవారు పోస్తే మండలు కడతాం, మండలు చూస్తే పోలీసులు కూడా లోపలికి రారు. అంతవరకు బ్రహ్మాండంగా ఆలోచించారు. ఇల్లెవరిదో మరిచిపోయారు."

చెంచులక్ష్మి మొహం ఎర్రబడింది. పక్కవాడి మీద విరుచుకుపడింది. "వద్దంటే విన్నావా? పసుపు కూడా పూసినావు!"

*

నవ్వులయ్య రెబెక్కమ్మగారి పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని కూచుని ఉన్నాడు. ఎండ తగలకుండా నెత్తిన తువ్వాలు కప్పారు. పక్కన మంచినీళ్ళ చెంబు కూడా పెట్టారు, అదెందుకో వాళ్ళకే తెలియాలి. కోళ్ళు రెండు అతని పాదాల కింద తీరిగ్గా గింజలు ఏరుకుంటున్నాయి.

మునెయ్య పెదవులు బిగించాడు గానీ నవ్వును మీసం దాచలేకపోయింది. ఆయన కూడా నవ్వేశాడు.

"ఎందుకు చేసినావమ్మా ఈ పని?" అని జయకుమార్ అడిగాడు.

"జీపులో తీసకపోతారన్నారు సార్." చెంచులక్ష్మి కళ్ళల్లో నీళ్ళు నిండాయి. "మేస్టారు లేకపోయినా నవ్వులయ్య ఉండాడు గదా అని మేమే చదువుకుంటా ఉండాం. ఆయనా పోతే మా నాయన ఇంక బడి చాలంటాడు. నిన్న చీకటి పడేలోపల బంతి కోసమని పోతే సైన్సు గది తలుపు తెరిచే ఉండాది. అందరం పట్టుకుని గోడ దాటించేసి, తాళం నొక్కేసినాం. పొద్దున చూస్తే హజరత్తయ్య తాతను పట్టుకున్నారు."

"చెప్పేయాల్సింది."

"చెప్తే నవ్వులయ్య పోతాడు. చెప్పకపోతే తాత పోతాడు. మీరయితే ఏం చేస్తారు సార్?"

 లెక్కల్లో తప్పిన ఏడాది కూడా జయకుమార్‌కు ఇంత కష్టమైన ప్రశ్న రాలేదు.

"రొట్టె ఎందుకు ముట్టుకోలేదు?"

"దర్గా రొట్టె గదా సార్. మాకెవురూ ఇయ్యలేదు. ఇయ్యకుండా ఎట్టా తీసుకుంటాం?"

"తలుపు తెరిచే ఉందన్నావు. సరిగ్గా చూసినావా?"

"తాళం గొళ్ళానికి వేలాడతా ఉండాది సార్, వెయ్యకుండా."

వెనక టప్పున ఏదో పడింది. మునెయ్య చేతిలోని లాఠీ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి అప్పుడే చొక్కా జేబు మీదికి పోయి వెనక్కి వచ్చింది.

జయకుమార్ నవ్వులయ్యను జాగ్రత్తగా ఎత్తమని పిల్లలకు చెప్పి, మునెయ్యను పెరట్లోకి తీసుకుపోయాడు.

"మూడో ఫారంతో బడి మానేసిన మనిషికి జత్రుక అంటే ఏమిటో ఎట్టా తెలిసింది హెడ్డుగారూ?"

మునెయ్య టోపీ సర్దుకున్నాడు.

"మా హెడ్మాస్టరుకే తెలియని మాట. దాని మీద నెర్రె ఉందని కూడా తెలుసు మీకు. ఆ నెర్రె కనబడాలంటే నవ్వులయ్య పక్కన చాలా రోజులు కూచోవాలి. నిన్న దర్గా చెరువు దగ్గరున్నారు. రొట్టెను నాకు చూపించకుండా పారెయ్యాలనుకున్నారు. హజరత్తయ్య నోరు కుట్టేసుకున్నది మీకోసమే."

"నాకోసమా?" మునెయ్య గొంతు చిన్నదైపోయింది. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని నావలపాళెంలో ఎవరికీ తెలీదు. "తాళం వేసినాననే అనుకున్నాను జయకుమారూ. పిల్లోళ్ళు వస్తా ఉంటే గబగబా బయటపడి, ఆయనకు చెవి ఇచ్చేసి పోయినాను. ఒట్టు. ఆయన ఎవురికీ ఇయ్యలేదని చెప్తా ఉంటే, నాకిచ్చిన మాట కోసమని తట్టలా... దొంగలకిచ్చి అబద్ధమాడతా ఉండాడనే అనుకున్నా. వెయ్యనిది నేనా!"

"పరీక్షేనా?"

"ఎస్.ఎస్.ఎల్.సి. అయితేనే ఎస్సై ప్రమోషన్ అన్నారు. ప్రైవేటుగా కట్టినాను. రెండుసార్లు సైన్సులో తప్పినాను. మూడోసారి పొద్దున్నే హజరత్తయ్యను తాళం అడిగి, ఆ నవ్వులయ్య ముందు కూచోని, ఒక్కొక్క ఎముకా పట్టుకుని చదివినాను. ఈ జూన్లో పాసయినాను." మునెయ్య టోపీ తీసి తల గోక్కున్నాడు. "మా అల్లుడు బి.ఏ. వాడికి తెలిస్తే నవ్వుతాడు. ఈ వయసులో బడి పిల్లోడి మాదిరి... నిన్న రొట్టె కాల్పించి తీసకపోయినాను. గట్టు మీద డ్రెస్సులో ఉండి నీళ్ళల్లోకి దిగలేకపోయినా. అందుకని ఆడ పెట్టినాను, ఏ పిల్లోడన్నా తీసుకుంటాడులే అని."

అప్పుడు బడి వైపు నుంచి జీపు హారను వినబడింది.

"ఇప్పుడు నువ్వు చెప్పేస్తావా?" అన్నాడు మునెయ్య.

"నన్ను పిలిచింది నవ్వులయ్యను వెతకడానికే," అన్నాడు జయకుమార్. "అతను దొరికాడు. మిగిలినది నా కేసు కాదు."

*

బడి ఆవరణలోకి అడుగుపెట్టిన డి.ఇ.ఓ. గారికి ఎదురుగా ఒక అస్థిపంజరం ఊరేగింపుగా వచ్చింది. నెత్తిన తువ్వాలు, మోసేవాళ్ళు నలుగురు, వెనక బడి బడంతా. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారాయన. అస్థిపంజరం ఇంకా వస్తూనే ఉంది.

"ఇదేమిటండీ?"

"శుభ్రం చేయించడానికి బయటికి..." అని మొదలుపెట్టిన పద్మనాభయ్యగారు వాక్యం ముగించలేకపోయారు. ఆయన జన్మలో ఆడిన మొదటి అబద్ధం అదే అయి ఉంటుంది.

"సరే, జీపులో పెట్టించండి. ఎవరూ వాడని వస్తువు ఇక్కడ దుమ్ము పట్టడం కన్నా..."

పిల్లల కేకలు ఆగిపోయాయి. నవ్వులయ్య ఎడమ చెయ్యి పట్టుకుని నడుస్తున్న చెంచులక్ష్మి ఆ చెయ్యి వదల్లేదు. హజరత్తయ్య గంట కింద లేచి నిలబడ్డాడు. జయకుమార్ ఎవరి వైపూ చూడకుండా తన సైకిలు గొలుసు సరిచేసుకుంటున్నాడు. అతను ఎవరి వైపూ చూడకపోవడమే మునెయ్యను నిలబడనివ్వలేదు.

"నేను వాడినాను సార్."

అందరి తలలూ తిరిగాయి.

మునెయ్య టోపీ చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. "హెడ్ కానిస్టేబుల్ మునెయ్య. ఈ నవ్వులయ్య కాడ చదివి ఈ ఏడు సైన్సు పాసయినాను. తాళం చెవి హజరత్తయ్యను అడిగి తీసుకుందీ నేనే, తిరిగి వెయ్యడం మర్చిపోయిందీ నేనే. ఆయన తప్పు ఏమీ లేదు. నేను ఆయన్ని అనుమానించినాను. అది నా తప్పు."

డి.ఇ.ఓ. గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. కర్రతో నవ్వులయ్య మోచేతి కింద తాకించారు. "ఇదేమిటి?"

"రత్ని సార్!"

"అరత్ని, హెడ్డు మామా!" అని మైదానమంతా ఒక్కసారిగా అరిచింది. చెంచులక్ష్మి గొంతు అన్నిటికన్నా పైన. "బొటనవేలు వైపుండేది అరత్ని. చిటికెనవేలు వైపు రత్ని. రోజూ ఇక్కడే తప్పుతావు కాబోలు!"

"రోజూ తప్పినాను, నిజమే," అన్నాడు మునెయ్య. "పరీక్షలో మాత్రం తప్పలే."

అప్పుడు వచ్చిన నవ్వు చాలాసేపు ఆగలేదు. హెడ్మాస్టరుగారు నవ్వారు, హజరత్తయ్య నవ్వాడు, జీపు డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. మేస్టారు లేని ఏడాదిలో ఎవరూ చెప్పకుండా ఇంతమంది పిల్లలు ఎముకల పేర్లు నేర్చుకున్నారని డి.ఇ.ఓ. గారికి అర్థమయింది. ఆయన కర్ర మెల్లగా కిందికి దించారు.

"రొట్టె," అన్నాడు జయకుమార్ మునెయ్య చెవిలో. "చీమలు మొత్తం తినేస్తాయి."

మునెయ్య గదిలోకి పోయి రొట్టె తెచ్చి, చీమలు దులిపి, బావి దగ్గరికి నడిచాడు. పిల్లలు కాళ్ళు కడుక్కునే తొట్టి అక్కడే ఉంది. బూట్లు విప్పి, ఖాకీ నిక్కరుతో ఆ తొట్టిలోకి దిగాడు. నీళ్ళు చీలమండలు దాటలేదు గానీ ఆయన నిలబడిన తీరు చూస్తే చెరువే అనిపించింది.

"చదువు రొట్టె," అన్నాడు పెద్ద గొంతుతో. "ఎవురికి కావాల?"

ఎవరూ కదల్లేదు. తరవాత అందరూ కలిసి చెంచులక్ష్మిని ముందుకు తోశారు. ఆ పిల్ల పావడా కొంచెం పైకెత్తి తొట్టిలోకి దిగి, రెండు చేతులూ చాచి, రొట్టె కళ్ళకద్దుకుంది. మునెయ్య కళ్ళు తుడుచుకోవడం కోసం మొహం పక్కకు తిప్పుకుంటే అక్కడ హజరత్తయ్య నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. క్షమాపణ చెప్పడం మునెయ్యకు చేతకాలేదు. చెప్పమని హజరత్తయ్య అడగనూ లేదు.

చెంచులక్ష్మి రొట్టె తుంచబోతుండగా ఎవరో దగ్గారు.

"అమ్మా," అన్నారు డి.ఇ.ఓ. గారు, చుట్టూ చూసి గొంతు తగ్గించి. "నాకో ముక్క పెడతావా? నాక్కాదు, మావాడికి. మూడుసార్లు తప్పాడు."

పిల్ల రొట్టె తుంచడం ఆపి ఆయన వైపు చూసింది. ఆ చూపు చూసిన జయకుమార్‌కు, ఈ పిల్ల డాక్టరు కాకపోతే తన ఉద్యోగానికి ఎసరు పెడుతుందని అప్పుడే అనిపించింది.

"ఇస్తాను సార్. కానీ వాడు పాసయితే వచ్చే మొహర్రానికి రొట్టె తిరిగి ఇయ్యాల."

"ఇస్తాను. తప్పకుండా ఇస్తాను."

"ఈడికే తెచ్చి ఇయ్యాల సార్. మా సైన్సు గదిలో, నవ్వులయ్య ముందర. అప్పుడు మా మేస్టారు కూడా చూడాల."

డి.ఇ.ఓ. గారు జీపు వైపు చూశారు, నవ్వులయ్య వైపు చూశారు, చివరకు ఆ పిల్ల చేతిలో ఉన్న రొట్టె వైపు చూశారు. తరవాత బూట్లు విప్పుకున్నారు.

"ఆయన్ని లోపలికి తీసుకుపోయి కొక్కేనికి తగిలించండయ్యా," అన్నారు తొట్టిలోకి దిగుతూ. "మాస్టార్ని పంపిస్తాను."

హజరత్తయ్య వెనక్కి తిరిగి వరండా మీదికి పరుగెత్తాడు. ఆ వయసులో ఆయన పరుగెత్తడం ఎవరూ చూసి ఎరగరు. మరుక్షణం, ఆ పొద్దుటి నుంచీ మూగగా ఉన్న బడి గంట మోగడం మొదలయింది.